అమ్మమ్మకు క్షమాభిక్ష

వలెన్సియా,
ఫిబ్రవరి 6, 1986

అమ్మమ్మా,

ముందు కూర్చో. తుంటి ఎముక విరిగినదానివి, కూర్చోక ఇంకేం చేస్తావు, అది నాకూ తెలుసు. అయినా కూర్చో. ఫిలో పిన్ని పక్కనుంటే ఆమెనీ కూర్చోమను.

నిన్ను బొమ్మ చేశాం!

ఈ ఏడు మన వీధి ఫాయా బొమ్మల కొలువుకి ‘ఊరు చూడవచ్చినవాళ్ళు’ అని పేరు పెట్టాం కదా. నడుమ కాగితం గుజ్జుతో మిగెలెత్ గంటగోపురం, దాని మెట్లెక్కుతూ నాలుకలు బయటపెట్టిన జర్మన్లు, కింద బార్లలో గ్లాసులు పట్టుకుని తూలుతున్న ఇంగ్లీషువాళ్ళు, మూలన నువ్వు. చేసింది బాతిస్తె మాస్టారు. గీసింది మాత్రం నేనే. వీధి పండుగ కమిటీలో చేరిన నాలుగేళ్ళకి నా చేతి గీత ఒకటి బొమ్మగా లేచింది. నీ నల్ల గౌను, నూనె మరకల ఏప్రన్, చేతిలో మూకుట్లోంచి గుమ్మడి బున్యోలు తీసే ఇనప పుల్ల. నీ కాళ్ళ దగ్గర ఉడికిన రొయ్యలా ఎర్రగా ఉన్న విదేశీయుడొకడు మోకాళ్ళమీద పడి దణ్ణం పెడుతుంటాడు. వాడు చేసిన పాపం ఏమిటో నీకు చెప్పాలా? మధ్యాహ్నం తినే పాయెల్లా అన్నం రాత్రి పదకొండింటికి అడిగాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. లోంజా హాల్లో ప్రదర్శనకి వీధికొక్క బొమ్మే పంపాలి కదా, మనవాళ్ళు నిన్నే పంపారు! నేను స్టేషను సమాచారం కిటికీలో కూర్చుని ఊరు చూడవచ్చినవాళ్ళకి రోజూ చిలకలా అప్పజెప్పేది నీకూ అప్పజెబుతాను, విను. “అయ్యలారా, అమ్మలారా, ఏడాది పొడుగునా చేసిన బొమ్మల కొలువులన్నీ మార్చి పంతొమ్మిది రాత్రి వీధి వీధినా తగలబెట్టేస్తాం. ఒక్క బొమ్మకి మాత్రం క్షమాభిక్ష. ఆ ఒక్కటి ఏదో తేల్చేది మీరే. టికెట్ ముక్కమీద బొమ్మ నంబరు రాసి డబ్బాలో వెయ్యండి.” గెలిచిన బొమ్మ మ్యూజియంలోకి పోతుంది, ఇక కలకాలం అక్కడే ఉంటుంది.

అమ్మమ్మా, నువ్వు గెలుస్తావు. నిన్న తెరిచారు, నిన్న మొదలుకొని జనం నీ ముందు నుంచి కదలడం లేదు. అమ్మ చూసి ఏడ్చింది కూడా.

ఫోను చేద్దామంటే నీకు గుయ్యిమని తప్ప వినపడదు కదా. అందుకని ఈ ఉత్తరం మీ ఊరి బస్సు నడిపే ఎవరిస్తో బాబాయి చేత పంపుతున్నాను. వెంటనే జవాబు రాయి!

నీ ఎల్వీరా


మొరెయా,
ఫిబ్రవరి 11

ఎల్వీరా,

నీ ఉత్తరం ఫిలో చదివి వినిపించింది. నమ్మకం కుదరక కళ్ళద్దాలు పెట్టుకుని నేనూ చదివాను. ఆ తర్వాత ఇరుగుపొరుగు వాళ్ళని పిలిపించి ఫిలో చేత మళ్ళీ చదివించాను. గొప్పకి కాదులే, వాళ్ళకి పొద్దుపోక.

ముక్కు ఎంత పొడుగు పెట్టావు? నిజం చెప్పు. ఫోటో పంపు. ఏప్రన్ మీద మరకలెందుకు పెట్టావే? నేను రోజూ ఉతుకుతానని వీధంతా ఎరుగును. మోకాళ్ళమీద కూలబడ్డవాడి సంగతి మాత్రం బాగుంది. అలాంటివాడొకడు నిజంగానే వచ్చాడు, పాపం డెన్మార్కువాడు, నేను పుల్లెత్తేసరికి రాత్రి పూట మధ్యాహ్నపు తిండి అడగనని ఒట్టేసి బున్యోలు తిని పోయాడు. మర్నాడు పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడు.

ఇక్కడ మంచు. ఎనిమిది కొట్టేసరికి ఊళ్ళో కుక్కలు కూడా పడుకుంటాయి. ఫిలో నన్ను బాగానే చూస్తుంది, కాని నేను లేవబోతే చాలు, పాలు పొంగినంత కంగారు పడుతుంది. డాక్టరు నిన్నో మాటన్నాడు. “ఈ మార్చికి మీరు పొయ్యి దగ్గర నిలబడతానంటే నేను ఒప్పుకోను సెన్యోరా, కుర్చీలో కూర్చుని పండుగ చూడండి.” అతనికింకా మీసం సరిగా మొలవలేదు. నన్నడిగితే అతన్నే కుర్చీలో కూర్చోబెట్టాలి.

గాస్పరుకి చెప్పు, పండుగకి నేను బున్యోలు వేసే వీధి మూల నా కోసం ఖాళీగా ఉంచమని. ఈ ఏడు రాలేకపోతే రాలేకపోయాను, వచ్చే ఏడు వస్తాను. కమిటీకి అధ్యక్షుడయ్యాక వాడికి మతిమరుపు ఎక్కువైంది. మూకుడు మెట్ల కింద ఉంది, నూనె పులిమి పెట్టు, తుప్పు పట్టనివ్వకు.

నా పక్కన నిలబడ్డ బొమ్మలేవో కూడా రాయి. ఎవరితో పోటీ పడుతున్నానో నాకు తెలియొద్దూ?

అమ్మమ్మ


వలెన్సియా,
ఫిబ్రవరి 17

బంగారు అమ్మమ్మా,

ఫోటో ఇందులో పెట్టాను. ముక్కు గురించి బాతిస్తె మాస్టారిని తిట్టు, నన్ను కాదు.

ఊరు నీ పేరుతో మోగిపోతోంది! స్టేషనులో నా కిటికీ దగ్గరికి ఎవరొచ్చి ఏం అడిగినా దారి లోంజాకే చూపిస్తున్నాను. సముద్రం ఎక్కడంటే, ముందు లోంజా, ఆ తర్వాత సముద్రం. మంచి హోటలు ఏదంటే, లోంజా పక్కది. ఒక ఫ్రెంచి ముసలాయన డాక్టరు కావాలని వచ్చాడు, ఆయన్నీ అటే పంపబోయి నాలిక కరుచుకున్నాను. పని దిగాక ఒక గుంపుని వెంటబెట్టుకుని కార్మెన్ పేట బార్లు తిప్పుతున్నాను. ఒక్కో బారులో ఒక్కో గ్లాసు, గ్లాసుకొక నీ కథ. నిన్న హాలెండు అమ్మాయిలు ఫోర్కులు పైకెత్తి, “రాత్రి పూట పాయెల్లానా!” అని నీలాగే అరుస్తూ కబాయెరోస్ వీధి పొడుగునా నడిచారు. బార్లవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు.

భయపడాల్సింది ఒక్కడికే. రూసాఫా పేట వాళ్ళ నిద్రపోయే గుమాస్తా. బల్లమీద తల, తలమీద పిల్లి, పిల్లి వీపున ఆఫీసు ముద్ర. సరిగ్గా నీ పక్కనే పెట్టారు. పిల్లలకి పిల్లి నచ్చుతోంది, అదీ నా దిగులు. మిగతావన్నీ నీ కాలిగోటికి సరిపోవు.

మూల గురించి బెంగ పెట్టుకోకు. గాస్పరు గారితో మాట్లాడాను. ఈ ఏడు అక్కడికి చిమో బండి వస్తోంది. కరెంటు మూకుడట, మీట నొక్కితే బున్యోలు వాటంతటవే తిరగబడతాయట! ఇంక నీకు ఏ చింతా లేదు, హాయిగా కాళ్ళు చాపుకో.

ముద్దులతో,
ఎల్వీరా


మొరెయా,
ఫిబ్రవరి 21

ఎల్వీరా,

వాటంతటవే తిరగబడతాయా! మనిషి చెయ్యి తగలకుండా బున్యోలా! గుమ్మడికాయ ఉడికించి, పిండిలో కలిపి, తడి వేళ్ళతో ముద్ద తీసి, బొటనవేలితో నడిమధ్య చిల్లు పెట్టి నూనెలోకి జారవిడవడం ఆ మీటకి ఎవరు నేర్పారు? చిమో నాన్న మంచివాడు. చిమో చేసేవి మాత్రం చెప్పులకి అడుగు కుట్టుకోవడానికి పనికొస్తాయి.

ఈ ఏటి వరకేనా వాడి బండి? గాస్పరుని అడిగి రాయి. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

ఇంకో మాట. ఆ క్షమాభిక్ష నాకొద్దు. నేనేం నేరం చేశానని క్షమించడం? మ్యూజియంలో దుమ్ము కొట్టుకుపోతాను. జనం అదేపనిగా తేరిపార చూస్తే నాకు ఒళ్ళు మండుతుందని నీకు తెలుసు. ఆ పిల్లి నెత్తినెక్కిన గుమాస్తానే ఉంచుకోమను. నువ్వు ఇంక ఎవరినీ ఓట్లడగకు, విన్నావా.

ఫోటో చూశాను. ముక్కు నాదే.

అమ్మమ్మ


వలెన్సియా,
ఫిబ్రవరి 27

అమ్మమ్మా,

నీ మొహమాటం నాకు కొత్తా? ఎవరింటికి వెళ్ళినా కాఫీ వద్దు, వద్దు అని, మూడోసారి అడిగితే రెండు కప్పులు తాగుతావు. “వద్దు” అని నువ్వు రాసిన చోటల్లా నవ్వుకుంటూ చదివాను. అమ్మ కూడా నవ్వి, “మా అమ్మకి లోపల ఎంత ఆశగా ఉందో” అంది.

ఆదివారం సెర్రానోస్ కోట బురుజుల దగ్గర పండుగ చాటింపు వేశారు. నేల ఈనినట్టు జనం! వరద భయంతో నీళ్ళు వేరే దారికి మళ్ళించేసిన ఏటి పడకలో ఇప్పుడు తోటలు వేస్తున్నారు కదా, అందులో కూడా కాలు మోపే చోటు లేదు. నేను మాత్రం కాగితం ముక్కలమీద నీ నంబరు రాసుకుని గుంపులో చీమలా దూరి పంచిపెట్టాను.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద కబురు. కమిటీలో గాస్పరు గారు లేచి ఏమన్నారో తెలుసా? “దొరొతేయా గారి బొమ్మకి క్షమాభిక్ష దొరికితే ఆమె మూలలో గోడకి రంగు పలకలతో ఒక ఫలకం పెట్టిద్దాం. ఈ మూలలో ఎన్నో ఏళ్ళు బున్యోలు వేసిన దొరొతేయా గారి జ్ఞాపకార్థం అని రాయిద్దాం” అన్నారు. అందరూ లేచి చప్పట్లు! బండి సంగతి కూడా అడిగాను. “ఫలకం పెట్టాక ఆవిడ గౌరవం ఎక్కడికీ పోదు, ఇక బండి ఏటేటా వస్తుంది, ఆవిడని ఈ వయసులో ఇంకా పొయ్యి దగ్గర మాడ్చడం మనకే మర్యాద కాదు” అన్నారు. ఎంత బాగా చెప్పారో కదూ!

నీ కోసం ఇంకా గట్టిగా తిరుగుతాను. చూస్తూ ఉండు!

ఎల్వీరా


మొరెయా,
మార్చి 4

చిట్టీ,

నీ ఇష్టం. నేనింక వద్దనను.

ఎవరిస్తో తన బస్సులో మన ఊరివాళ్ళని శనివారం వలెన్సియాకి తెస్తున్నాడు. వీళ్ళలో సగం మంది సముద్రం చూడలేదు. నువ్వే దగ్గరుండి అన్నీ చూపించు. గంటగోపురం ఎక్కించు, అంగడి చూపించు, పటాసుల మోత వినిపించు. రాత్రికి నీ బార్లు కూడా తిప్పు, మగాళ్ళు అడుగుతున్నారు, ఆడాళ్ళు పైకి అడగడం లేదు గాని వాళ్ళకీ ఉంది. సాయంత్రం మాత్రం మర్చిపోకుండా లోంజాకి తీసుకెళ్ళి తలా ఒక టికెట్ ఇప్పించు. ఎవరికి ఓటెయ్యాలో నేను ఇక్కడే చెప్పి పంపుతాను, నువ్వు నోరు నొప్పి పుట్టించుకోకు.

చలిగా ఉంటుంది, మఫ్లరు కట్టుకో.

అమ్మమ్మ


వలెన్సియా,
మార్చి 10

అమ్మమ్మా, అమ్మమ్మా!

ఎలాంటి మనుషుల్ని పంపావు! నా గొంతు ఇంకా పోయే ఉంది, అందుకే రాస్తున్నాను, మాట్లాడమంటే ఒక్క ముక్క రాదు.

బస్సు దిగగానే గంటగోపురం ఎక్కించాను. అన్ని మెట్లూ గిర్రున తిరిగే మెట్లు, సగం దారిలో ఇద్దరు జర్మన్లు గోడకి అతుక్కుని రొప్పుతున్నారు. మన గొర్రెలకాపరి బ్లాయి తాత చేతులు వెనక్కి కట్టుకుని, ఈల వేసుకుంటూ వాళ్ళని దాటిపోయి, పైనుంచి, “ఇదేనా కొండ?” అని అరిచాడు. అంగడిలో ఆడవాళ్ళు ప్రతి చేపనీ నొక్కి చూసి, ఒక్కటీ కొనలేదు. చేపలావిడ నన్ను పట్టుకుని, “వీళ్ళని ఏ దేశం నుంచి తెచ్చావమ్మా?” అని అడిగింది.

రెండింటికి టౌన్‌హాలు ముందు పటాసులు. ముందు టపటపమని చిన్నగా, తర్వాత నేల కింద ఎవరో పరుగులు పెడుతున్నట్టు, చివరికి గుండెకాయ నోట్లోకి వచ్చేట్టు. పొగ విడిపోయాక చూస్తే మనవాళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతున్నారు. బ్లాయి తాత గుండెమీద చెయ్యి వేసుకుని, “ఈ మోత మా కొండమీద పేలిస్తే నా గొర్రెలు ఫ్రాన్సులో తేలతాయి” అన్నాడు. ఆ తర్వాత సముద్రం చూపించాను. చెప్పులు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయారు.

లోంజాలో నీ బొమ్మ ముందుకి రాగానే ఒక్కసారిగా, “దొరొతేయా!” అని కేక వేశారు. కాపలావాడు ఉలిక్కిపడ్డాడు. అందరూ టికెట్లు పట్టుకుని ఎవరిస్తో బాబాయి చుట్టూ మూగి గుసగుసలాడుకున్నారు. ఏమిటని దగ్గరికి వెళ్తే బాబాయి, “మీ అమ్మమ్మ అప్పజెప్పిన పని, మేం చూసుకుంటాం, నువ్వెళ్ళి గాలి పీల్చుకో” అన్నాడు. వాళ్ళంతా వరసగా డబ్బాలో చీటీలు వేస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. ఒక్కరూ మానలేదు!

రాత్రి సంగతి ఫిలో పిన్నికి చెప్పకు. నారింజ రసమే కదా అని మన ఆడవాళ్ళు కూజాలకి కూజాలు లాగించారు. అందులో బుడగల వైను ఉంటుందని చెప్పేలోపే మూడో కూజా ఖాళీ. కబాయెరోస్ వీధిలో బారు బయట ఎవరో గిటారు మీటితే, మన రొట్టెలావిడ ఇద్దరు స్వీడన్ కుర్రాళ్ళ చేతులు పట్టుకుని హోతా నాట్యం నేర్పడం మొదలుపెట్టింది. కాసేపటికి వీధి వీధంతా గెంతులే. అటు బారువాళ్ళు, ఇటు బారువాళ్ళు బల్లలు లోపలికి జరుపుకున్నారు. తెల్లారి అందరికీ వేడి చాక్లెట్ తాగించి బస్సెక్కించాను. బ్లాయి తాత కిటికీలోంచి, “వచ్చే ఏడు ఇంకో బస్సు తెస్తాం, పిల్లా!” అన్నాడు.

ఇంత మంది ఓట్లు పంపావు కదా, మొహమాటం అని నేనన్నది నిజమా కాదా? శనివారం ఫలితం. నాకు నిద్ర పట్టడం లేదు.

ఎల్వీరా


వలెన్సియా,
మార్చి 16

అమ్మమ్మా,

ఓడిపోయావు. రూసాఫా వాళ్ళ గుమాస్తాకి క్షమాభిక్ష దొరికింది. తేడా ఎంతో తెలుసా? ఒక్క బస్సులో పట్టేంత.

ఏ బస్సో కూడా నాకు తెలిసిపోయింది. బాబాయి రాత్రి ఇక్కడే ఆగాడు. నేను ఏడుస్తుంటే చూడలేక, రెండు గ్లాసులు తాగి, టోపీ చేత్తో నలుపుతూ, “మీ అమ్మమ్మ మా అందరి చేతా ఒట్టు వేయించుకుందమ్మా, ఆ పిల్లి ఉన్నవాడికే వెయ్యాలని” అని చెప్పేశాడు.

నా వెనక, నా చేత్తోనే! వాళ్ళని లోంజాకి తీసుకెళ్ళింది నేను. టికెట్లు చేతిలో పెట్టింది నేను. ఆ తర్వాత నారింజ కూజాలు ఇప్పించి, ముద్దులు పెట్టి పంపింది నేను. వాళ్ళంతా నన్ను చూసి నవ్వుకున్నారా? నా మొదటి బొమ్మ, అమ్మమ్మా. స్టేషనులో కిటికీ మూశాక ప్రతి రాత్రీ నీ కోసమే తిరిగాను. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా. ఎందుకు చేశావు? నన్ను అంత వెర్రిదాన్ని ఎందుకు చేశావు?

బొమ్మ ఇవాళ మన వీధికి తిరిగొచ్చింది. నీ మూలకి ఎదురుగా నిలబెట్టారు. మూలలో చిమో బండి ఉంది.

ఎల్వీరా


మొరెయా,
మార్చి 18

ఎల్వీరా,

చెప్పాను. వద్దు అన్నాను. నువ్వు కాఫీ అనుకున్నావు.

కాని సగమే చెప్పాను, అది నా తప్పే. మిగతా సగం చెప్పడానికి నామోషీ అనిపించింది. ఇప్పుడు చెబుతాను విను. నాకు ముందు ఆ మూలలో రమోనా ఉండేది. బ్రహ్మాండమైన చెయ్యి. ఒక ఏడు పండుగ కమిటీ వాళ్ళు ఆమెని వేదిక ఎక్కించి, మెడలో దండ వేసి, వెండి పళ్ళెం ఇచ్చి, ముద్దులు పెట్టి దింపారు. వీధి వీధంతా ఏడ్చింది. మరుసటి ఏడు ఆమె మూకుడు చంకన పెట్టుకుని రాగానే గాస్పరు వాళ్ళ నాన్న ఎదురెళ్ళి, “అయ్యో, మీకెందుకమ్మా శ్రమ” అని చేతిలోది అందుకుని కుర్చీ వేశాడు. పండుగ నాలుగు రోజులూ ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెడ్డగా చూడలేదు. అందరూ దణ్ణాలు పెట్టుకుంటూ పక్కనుంచి పోయారు.

గాస్పరు గోడకి పలకలు పెట్టిస్తానన్నాడని నువ్వు సంబరపడి రాశావు. జ్ఞాపకార్థమట! నేను ఇక్కడ వెల్లుల్లి సూప్ తాగుతూ బతికే ఉన్నాను. విరిగింది తుంటి. చేతులకేం రోగం? బొమ్మకి క్షమాభిక్ష దొరికితే గోడమీద పలకలు వస్తాయి, పలకలు వస్తే బండి శాశ్వతం. గాస్పరు చెప్పింది నువ్వే రాశావు కదా, మళ్ళీ చదువుకో.

మన వీధిలో కాలినదాన్ని మర్నాడే మళ్ళీ మొదలుపెడతాం. కాలకుండా మిగిలినదాన్ని గాజు అలమరలో పెట్టి, కాళ్ళ దగ్గర సంవత్సరం రాసి, తాళం వేసి వచ్చేస్తాం. నువ్వు నన్ను శాశ్వతం చేద్దామనుకున్నావు. నాకు శాశ్వతం వద్దే. నాకు వచ్చే మార్చి కావాలి.

అది నీ మొదటి బొమ్మ అని తెలుసు. నిన్ను ఏడిపించినందుకు నిన్న రాత్రి నాకూ ముద్ద దిగలేదు. ఎవరూ నిన్ను చూసి నవ్వలేదు, బస్సులో వస్తూ అందరూ నీ గురించే చెప్పుకున్నారట, రొట్టెలావిడ అయితే తప్పు చేశామని దారి పొడుగునా సణిగిందట. అయినా నిజం చెప్పనా, మళ్ళీ అవకాశమొస్తే మళ్ళీ ఇదే చేస్తాను.

రేపు నేను బాగా కాలేట్టు చూడు. నా లోపల సగానికి సగం కొయ్యే కదా, అంటుకోవడానికి కాస్త మొరాయిస్తుందేమో. పటాసులు నడుముకి కట్టించు.

అమ్మమ్మ


వలెన్సియా,
మార్చి 20

అమ్మమ్మా,

కాలిపోయావు. ఎంత బాగా కాలావో!

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం బాబాయి తెచ్చాడు. మెట్లమీద కూర్చుని చదివాను. చదివి మళ్ళీ ఏడ్చాను, అది వేరే ఏడుపు. తర్వాత వెళ్ళి బాతిస్తె మాస్టారి చేత నీ నడుముకి రెండు వరసలు పటాసులు కట్టించాను.

నిప్పంటించింది నేనే. గోపురం మొరాయించింది, నువ్వు మొరాయించలేదు. ఫెటేల్మని నిప్పు అందుకుని, ముందు ముక్కు, తర్వాత ఏప్రన్. కాలిన విదేశీయుడు వెనక్కి పడిపోయాడు, నీ పుల్ల మాత్రం చివరిదాకా పైకే ఉంది. ఇళ్ళ గోడలమీద ఫైర్ ఇంజనువాళ్ళు నీళ్ళు కొడుతుంటే వేడికి అందరం వెనక్కి వెనక్కి జరిగాం. నా పక్కనున్న స్వీడన్ ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. “అంత మంచి ముసలావిడని కాల్చేస్తున్నారేమిటి!” అంది. “ఏడవకండి, ఆవిడ మొరెయాలో ఉంది, ఈ పాటికి డాక్టర్ని తిడుతూ ఉంటుంది” అన్నాను. ఆవిడ నా మెడ చుట్టూ చేతులు వేసి నవ్వింది. నేను గెంతాను, అమ్మమ్మా. నా మొదటి బొమ్మ బూడిదవుతుంటే అందరితో చేతులు కలిపి గెంతాను.

ఇవాళ పొద్దున కమిటీ కూర్చుంది. అందరి బట్టలూ పొగ కంపు, కళ్ళు చింతనిప్పులు. వచ్చే ఏటి మాట వచ్చింది. గాస్పరు గారు గొంతు సవరించుకుని, “బొమ్మ గెలవలేదు గాని, ఫలకం పెట్టించి ఆ మూల చిమోకే రాసిచ్చేద్దాం, పాపం దొరొతేయా గారు మంచాన పడ్డారు” అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. “మంచాన పడిందెవరు? ఆవిడ అక్కడ మంచంమీదనుంచే ఒక బస్సెడు ఊరిజనాన్ని నడిపించింది! బతికున్న మనిషి జ్ఞాపకార్థం గోడకి పలకలు కొడతారా? నిన్న చిమో బున్యోలు మీలో ఎవరైనా రెండోది తిన్నారా? చెయ్యెత్తండి!” అన్నాను. చిమో చెయ్యి కూడా లేవలేదు. అతను నేల చూపులు చూస్తూ, “ఆ మిషను నాకూ నచ్చలేదు, ఆవిడ వస్తే బండి పక్క వీధికి తోలుకుంటాను” అన్నాడు.

గాస్పరు గారు నావైపు కుర్చీ తిప్పుకున్నారు. తర్వాత మర్యాదగానే అడిగారు. “ఎల్వీరా, వచ్చే మార్చికి ఆవిడ పొయ్యి దగ్గర నిలబడగలరా? కుర్చీలో కూర్చుంటే కుదరదు, నూనె దగ్గర ప్రమాదం. నిలబడతారని నువ్వు మాటిస్తే మూల ఆవిడదే. ఇవ్వలేకపోతే ఇవాళే తేల్చేద్దాం.”

నిన్ను అడగడానికి టైము లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. మాటిచ్చేశాను.

తప్పు చేశానా, అమ్మమ్మా? డాక్టరు ఏమంటున్నాడు? ఉన్నదున్నట్టు రాయి. ఈసారి సగం సగం రాయకు.

నీ ఎల్వీరా


మొరెయా,
మార్చి 31

ఎల్వీరా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి ఉన్నదేదో తేలేదాకా ఆగాను.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఫిలో ఏడ్చింది. మొదటిరోజు మంచం అంచు పట్టుకుని లేచాను, కళ్ళు బైర్లు కమ్మాయి, పడిపోయాను. పక్కమీదే పడ్డానులే. రెండోరోజు ఎవరిస్తోని పక్కన నిలబెట్టుకుని లేచాను. నొప్పికి నా నోట ఎలాంటి తిట్లు వచ్చాయంటే, వాడు బస్సు డ్రైవరై ఉండి కూడా చెవులు మూసుకున్నాడు. కూర్చున్నప్పుడల్లా నువ్వు అంతమంది ముందు లేచి నిలబడ్డావన్న మాట గుర్తొచ్చేది. మళ్ళీ లేచేదాన్ని. నాకు భయం వేసింది, ఎల్వీరా. ఇంత వయసొచ్చాక దేనికీ భయపడనని అనుకున్నాను. నీ మాట నా వల్ల పోతుందేమోనని భయపడ్డాను.

గుమ్మడికాయలు కోతల సమయంలోనే కొను, ఆలస్యమైతే నీళ్ళ కాయలు అంటగడతారు. నేను తిరిగొచ్చాక నువ్వు సాయంత్రాలు నా దగ్గర పిండి కలపడం నేర్చుకో, బార్లలో తిరిగింది చాలు. సరే, శనివారాలు తిరుగు. గాస్పరుకి నా ముద్దులు చెప్పు, ఆ పలకల డబ్బుతో వీధికి మంచి దీపాలు వేయించమను. నువ్వు మాటివ్వడంలో తప్పేమీ లేదు.

వంటింటి అలమర మీద కాగితం పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా నిలబడే రాశాను. అక్షరాలు వంకర పోయాయి, ఏమనుకోకు.

అమ్మమ్మ